సుల్తాన్ బజారును, గత్తర బీజమును

1933లో నిజాము ప్రభుత్వమునకు మరలివచ్చువరకు ఆంగ్లేయ రెసిడెంటు ఏలుబడిలో రెసిడెన్సీ బజారులుగ నుండిన హైదరాబాదు సుల్తాన్ బజారు వీథులలోనే, 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థిరపడినది. దాని స్థాపకులలో నొకరైన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి ప్రకృతిశాస్త్రములను తెనుగున వెలయింపించిరి. వారి ఋణము మనకు తీరునది కాదు.

అట్టి ప్రకృతిశాస్త్రములు శోధించిన విషయములలో నొకటి, ఆనాడు జనులను గడగడలాడించిన మహమ్మారి గత్తర (కలరా): బియ్యము కడిగిన నీళ్లవలె విరేచనములై, కన్నులు లోతుకు పోయి, ఉదయమున తిరుగాడిన మనుష్యుడు రాత్రికి గతించెడివాడు. 1884లో కోక్ పండితుడు కలకత్తాలో దాని సూక్ష్మజీవిని నిరూపించినను, ఒక గత్తర ప్రాణాంతకమై, మరియొకటి సౌమ్యముగ నేల పోవునో చిరకాలము తెలియరాలేదు. 1961లో ఏడవ విశ్వమారిగ బయలుదేరిన ఎల్ టార్ అను గత్తర జీవి జాతి, అంతకుముందున్న ప్రాచీన (క్లాసికల్) జాతికంటె సాధారణముగ సౌమ్యమైనది. ఈ రెంటి విషములలో బి భాగమునకు గల భేదము రెండే రెండు అమినో ఆమ్లములు! ఆ విషజన్యువును ఒక సూక్ష్మజీవినుండి మరియొక సూక్ష్మజీవికి మోయునది బాక్టీరియాలను సోకు వైరసని 1996లో తేలినది.

2009లో భోలక్‌పూరున మంచినీటిలో మురుగు కలిసి ప్రాణములు పోయిన దుర్ఘటన నగరవాసులు మరువరానిది. ఆ యేట హైదరాబాదు గత్తర రోగులనుండి సేకరించిన జీవులలో, ఎల్ టార్ దేహమున ప్రాచీన జాతి విషజన్యువు గోచరించినది. అట్టి సంకర జాతులు అధిక విషమును స్రవించి శరీరమును మరింత శీఘ్రముగ శోషింపజేయునని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు.