జీ-పోయెమ్
జీర్ణాశయం నుంచి ఆహారం మెల్లగా ఖాళీ అయ్యే గ్యాస్ట్రోపరేసిస్ జబ్బుకు, పొట్టపై కోత లేకుండా నోటి గుండా ఎండోస్కోప్ పంపి చేసే చికిత్స. దీనికి మూలం జపాన్ వైద్యుడు హరుహిరో ఇనోయె అన్నవాహిక జబ్బు అకలేసియాకు రూపొందించిన పోయెమ్ పద్ధతి. జీర్ణాశయానికి దాన్ని వాడిన తొలి ఉదంతం 2013లో అమెరికా నుంచి వెలువడింది.

రోగికి పూర్తి మత్తు ఇస్తారు. పైలోరస్‌కు, అంటే జీర్ణాశయం చిన్నపేగులోకి తెరుచుకునే కండర ద్వారానికి, దాదాపు 5 సెం.మీ. ముందు లోపలి పొర కింద ద్రవం ఎక్కించి ఉబ్బిస్తారు. అక్కడ చిన్న గాటు పెట్టి, పొర కిందుగా సొరంగం తవ్వుకుంటూ వెళ్లి, పైలోరస్ కండరాన్ని కోస్తారు. చివర గాటును క్లిప్పులతో మూసేస్తారు. పైలోరస్ మీది లోపలి పొర చెక్కుచెదరకుండా దాని కింది కండరం మాత్రమే తెగడం ఇందులోని నేర్పు.

చక్కెర జబ్బు, పొట్ట శస్త్రచికిత్సలు గ్యాస్ట్రోపరేసిస్‌కు తరచూ కనిపించే కారణాలు. చాలామందిలో కారణమే తేలదు. తిన్న నాలుగు గంటలకు 10 శాతానికి మించి ఆహారం మిగిలితే పరీక్షలో జబ్బు ఉన్నట్టే. ఆహార మార్పులు, మందులు పనిచేయని వారికే ఈ చికిత్స.

చెక్ వైద్యులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు నెలలకు 71 శాతం మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 22 శాతమే. పైలోరస్ వదులైనా జీర్ణాశయ గోడల బలహీనత అలాగే ఉంటుంది కనుక అందరికీ ఫలితం దక్కదు. రక్తస్రావం, రంధ్రం పడటం అరుదైన ప్రమాదాలు.