పెనుకొండ కారులో ఇబ్నుల్ హైసమ్

పోయిన ఉర్స్‌కి పెనుకొండ బాబయ్య దర్గా జియారత్‌కని మా భాంజా కారులో బయల్దేరాం. వేరుశెనగ ఎండిన ప్రతి ఏడూ మా వాళ్లు బెంగళూరికి వలసపోయిన దారి అది. ఇప్పుడు అదే దారిలో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది. మేం ఎక్కిన సెల్టోస్ అక్కడ తయారైందే. 2019లో మార్కెట్లోకొచ్చింది.

చాయ్‌కి ఆగినప్పుడు భాంజా నన్ను తన సీట్లో కూర్చోబెట్టాడు. స్టీరింగ్ ముందు నుంచి చిన్న షీషా పైకి లేచింది. స్పీడు చూపే సున్నా బానెట్ కొసన గాల్లో తేలుతోంది!

"కొరియా వాళ్ల కమాల్ చూడు మామూ" అన్నాడు.

"సగమే నిజం బేటా" అన్నాను.

ఈ హునర్ యుద్ధాల నుంచి వచ్చింది. 1900లో ఐర్లాండ్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్, గురి చూసే గుర్తును అద్దంలో చూపే సాధనం కనిపెట్టాడు. అక్కడి నుంచి ఫైటర్ విమానాలకు, 1988లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కారుకు చేరింది. లోపలి చిన్న తెర రోష్నీ వంకర అద్దం మీద పడి, షీషాకు తగిలి మన కంటికొస్తుంది. దాని అక్స్ షీషా అవతల, దూరంగా కనబడుతుంది. అందుకే రోడ్డు మీది నజర్‌ను దగ్గరికి తిప్పనక్కర్లేదు.

నేరుగా ముందద్దం మీదే చూపాలంటే ఇంకో చిక్కు. ఆ అద్దంలో రెండు గాజు పలకలు, మధ్య ప్లాస్టిక్ పొర. లోపలి ముఖం, బయటి ముఖం రెండూ రోష్నీని తిప్పికొడితే ఒక అంకె రెండుగా కనిపిస్తుంది. ఆ పొరను ఒక వైపు కొంచెం మందంగా చేస్తే రెండు అక్స్‌లూ కలుస్తాయి. సెల్టోస్‌లో వేరే షీషా పెట్టారు కాబట్టి ఆ తకలీఫ్ లేదు.

మరి వంకర అద్దం మీద ఏ చోట తగిలితే రోష్నీ సరిగ్గా కంటికొస్తుంది? ఈ సవాల్‌తోనే వెయ్యేళ్ల కింద కుస్తీ పట్టాడు బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్. కైరోలో రాసిన 'కితాబుల్ మనాజిర్'లో, హైపర్‌బోలా వంపు సాయంతో జవాబు కూడా తీశాడు. కంటిలోంచి కిరణాలు బయటికి పోతాయన్న యూనానీ ఉస్తాదుల మాటను తజర్బాలతో కాదన్నాడు. ఆ కితాబ్ లాటిన్‌లోకెళ్లి 1572లో బాసెల్‌లో అచ్చయింది. యూరప్ చదివింది, ముందుకు తీసుకెళ్లింది.

హెడ్-అప్ డిస్‌ప్లే ఆయన చేశాడని నేననను. అలా ఫఖర్ పడితే ఆయన ఇల్మ్‌కే బేఇజ్జతీ. కాని సవాల్ మనింట్లో మొదలైంది. జవాబు పూర్తిచేసిన వాళ్లు చదువు ఆపని వాళ్లు.

వెనక సీట్లోంచి పదో తరగతి భాంజీ అంది: "మామూ, ఇది మా పాఠమే, పుటాకార దర్పణం."

దాన్ని పది తర్వాత చాలనుకుంటోంది మా చెల్లెలు. పెనుకొండ చేరేదాకా చెల్లెలితో నేను బహస్ చేస్తూనే ఉన్నాను. దర్గాలో అందరూ దేనికో దువా చేశారు. నేను మాత్రం ఇంటర్‌లో ఎంపీసీ సీటు కోసం చేశాను.