చచ్చుబడిన చేతికి ఎన్ని గంటలు?

నార్మన్ డోయిజ్ 2007లో వెలువరించిన ‘ద బ్రెయిన్ దట్ చేంజెస్ ఇట్‌సెల్ఫ్’ చదివినవారికి ఎడ్వర్డ్ టౌబ్ పేరు గుర్తుండే ఉంటుంది. పక్షవాతంతో పడిపోయిన చేతికి ఆయన కనుగొన్న చికిత్స ఆ పుస్తకంలోని ఆసక్తికరమైన కథల్లో ఒకటి. అయితే ఆ చికిత్సకు వెలుపలే మిగిలిపోయిన రోగులున్నారు. వారిని కూడా కలుపుకొంటేనే ఈ చరిత్ర పూర్తవుతుంది.

1895లో మాట్, షెరింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు కోతి చేతినుండి స్పర్శను వెన్నుపాముకు చేరవేసే నాడులను ఖండించారు. కండరాలను కదిలించే నాడులు చెక్కుచెదరకపోయినా కోతి ఆ చేతిని వాడడం మానేసింది. స్పర్శ లేనిదే చలనం లేదన్న భావన దానితో బలపడింది. దశాబ్దాల తర్వాత టౌబ్ అదే ప్రయోగం చేసి, కోతి మంచి చేతిని కట్టివేశాడు. గత్యంతరం లేక అది స్పర్శలేని చేతినే వాడింది. మొదట్లో పదేపదే విఫలమైనందువల్ల, ఆ చెయ్యి పనికిరాదని కోతి ‘నేర్చుకుంది’ అని ఆయన తేల్చాడు.

ఈ జ్ఞానానికి కోతులు చెల్లించిన మూల్యాన్ని మరచిపోరాదు. 1981లో సిల్వర్ స్ప్రింగ్‌లోని టౌబ్ ప్రయోగశాలను పోలీసులు సోదా చేసి 17 కోతులను తరలించారు. ఆయనకు పడిన శిక్షను, ఆ రాష్ట్ర చట్టం ఆ పరిశోధనకు వర్తించదన్న కారణంతో 1983లో న్యాయస్థానం కొట్టివేసింది.

తర్వాత మనుషుల మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతిచేత రెండు వారాలపాటు రోజూ గంటల తరబడి సాధన చేయించారు. 222 మందితో జరిగిన ఎక్సైట్ పరిశోధన 2006లో దాని ప్రయోజనాన్ని నిరూపించింది. కాని అందులో చేరాలంటే మణికట్టును, వేళ్లను కొంతైనా పైకెత్తగలగాలి. ఆ కాస్త కదలికా లేనివారికి ప్రవేశం లేదు.

అటువంటివారి ఆశ యంత్రాలమీదికి మళ్లింది. బ్రిటన్‌లో, చెయ్యి ఓ మోస్తరుగానో తీవ్రంగానో దెబ్బతిన్న 770 మందితో జరిగిన రాటుల్స్ పరిశోధన 2019లో వెలువడింది. రోజువారీ పనుల విషయంలో రోబో సాధన సాధారణ చికిత్సను మించలేదు. ఆ సాధన వారానికి మూడుసార్లు, 45 నిమిషాల చొప్పున, 12 వారాలు. మొత్తం 27 గంటలు.

అదే ఏడాది లండన్‌లోని క్వీన్ స్క్వేర్ బృందం 224 మంది ఫలితాలను ప్రకటించింది. అక్కడ మూడు వారాల్లోనే 90 గంటల సాధన. చాలామందికి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. చెయ్యి బాగా బలహీనపడ్డవారూ వారిలో ఉన్నారు. వచ్చిన మెరుగుదల ఆరు నెలల తర్వాత కూడా నిలిచింది. పోల్చి చూడడానికి మరో వర్గం లేదు కనుక దీన్ని రుజువు అనలేం. అలాగని పక్కన పెట్టనూలేం.

ఆరు నెలలు దాటితే చెయ్యి ఇక రాదని చెప్పడం మా వైద్యులకు అలవాటైపోయింది. కోతి తన వైఫల్యంతో నేర్చుకున్న పాఠాన్ని మేము రోగికి మాటలతో నేర్పుతున్నామేమో. ఆ మాట అనేముందు, ఆ చేతికి ఎన్ని గంటల సాధన దక్కిందో అడగడం మా ధర్మం.