విస్తరాకూ, పెంటకుప్పా

పూలకు అరటాకు పొట్లం, ప్రసాదానికి ఆకు దొప్ప, తాటిబెల్లానికి తాటాకు బుట్ట, ధాన్యానికి గోనెసంచి. మన పూర్వులు సరుకును ఇలా చుట్టి ఇచ్చేవారు. ఇవి మట్టిలో కలిసిపోతాయని ఎవరూ ప్రత్యేకంగా పొగడలేదు. వాడి పారవేసేది ఏదైనా మట్టిలో కలవడం ఆనాడు సహజమే గనుక, ఆ మాటతో పని పడలేదు.

వీటిలో విస్తరిది విశిష్ట స్థానం. తెలంగాణలో మోదుగాకు, ఉత్తరాంధ్ర మన్యంలో అడ్డాకు విస్తళ్లకు ప్రసిద్ధి. అడ్డాకు అడవిలో పెద్ద చెట్లకు అల్లుకునే తీగది. గిరిజనులు దానిని కోసి తెచ్చి, ఎండబెట్టి, సన్నని పుల్లలతో విస్తళ్లు కుడతారు. మనం పెళ్లిపంక్తిలో తిన్న భోజనం వెనుక ఆ చేతుల శ్రమ ఉంది. అటువంటి అటవీ ఉత్పత్తులను గిరిజనుల వద్ద కొనేందుకు 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది.

1933లో ఇంగ్లండులో ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులకు ఒక ప్రయోగంలో అనుకోకుండా పాలిథీన్ లభించింది. 1960ల్లో స్వీడన్ ఇంజనీరు స్టెన్ గుస్తాఫ్ థులిన్ దానితో చేతిసంచిని రూపొందించాడు. తేలిక, చవక, నీటికి తడవదు. ఈ మూడు గుణాల ముందు ఆకు క్రమంగా వెనుకంజ వేసింది. కానీ ఆకును తిని అరిగించుకునే ఆవుకు, ఎంగిలి మెతుకులతో పాటు మింగిన ప్లాస్టిక్ సంచి ప్రాణాంతకమైంది.

ఇప్పుడు గాలి తిరిగి మళ్లింది. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూల కోసం మొక్కజొన్న పిండిపదార్థంతో చేసిన సంచుల విక్రయం మొదలైంది. వాటిని రూపొందించినది హైదరాబాదులోని రక్షణ పరిశోధనా సంస్థ ప్రయోగశాల. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాల వంటి వాటిని భారత ప్రభుత్వం నిషేధించింది.

అయితే ఈ చరిత్రలో ఆకుతో పాటు పెంటకుప్పకూ చోటివ్వాలి. తిన్న విస్తరి పెరటి పెంటకుప్పకు చేరేది. అక్కడ పేడ, తేమ, గాలి, సూక్ష్మజీవులు కలిసి దానిని ఎరువుగా మార్చేవి. ఆ ఎరువు పొలానికి వెళ్లేది. ఆకుకు కుళ్లే గుణం ఉన్నా, కుళ్లే చోటు కూడా కావాలి.

మనం నివసిస్తున్న అమెరికాలో ఆ చోటు అన్ని ఊళ్లలో లేదు. మొక్కజొన్నతో చేసిన పళ్లేల్లో అనేకం సుమారు 58 డిగ్రీల సెల్సియస్ వేడి నిలిచే పెద్ద కంపోస్టు కేంద్రాల్లోనే సరిగా కుళ్లుతాయి. మామూలు చెత్తతో కలిపి పూడ్చితే, గాలి అందక విస్తరాకు సైతం మీథేన్ వాయువును వెలువరిస్తుంది. అది భూమిని వేడెక్కించే వాయువు.

కాబట్టి అన్నదానానికి పళ్లేలు ఎంచుకునేటప్పుడు, భోజనానంతరం అవి ఎక్కడికి చేరతాయో ముందుగా విచారించడం మన బాధ్యత. కంపోస్టు సేకరణ ఉన్న ఊళ్లో విస్తరి వేయవచ్చు. లేని ఊళ్లో స్టీలు కంచాలు కడిగి వాడుకోవడమే మేలు. మన పిల్లలకు 'విస్తరి' అనే మాట నేర్పేటప్పుడు, దాని పక్కనే 'పెంటకుప్ప' అనే మాటను కూడా సంకోచం లేకుండా నేర్పుదాం.