అమరావతి శిల్పములు – సున్నపు బట్టీలు

అమరావతి స్తూపశిల్పములు కొన్ని సున్నమునకై కాల్పబడెనను మాట చరిత్ర గ్రంథములందు తరచు కనబడును. రాయి సున్నమగుట యెట్టిదో తెలిసికొన్నగాని ఆ నష్టము యొక్క స్వరూపము మనకు తేటపడదు.

‘సున్నము’ సంస్కృత ‘చూర్ణ’ శబ్దమునుండి ప్రాకృత ‘చుణ్ణ’ రూపము ద్వారా మన భాషకు వచ్చిన పదము. చూర్ణమనగా పొడి. కాల్చిన రాయిపై నీరు చల్లిన అది వేడెక్కి, పొంగి, పొడియగును గనుక పేరు సార్థకమే. హేతువు మాత్రము చిరకాలము తెలియలేదు. క్రీ.పూ. మొదటి శతాబ్దివాడైన రోము వాస్తువేత్త విట్రువియస్, బట్టీలో రాయి పరిమాణము తగ్గకయే తూకము మూడవవంతు తగ్గునని గమనించి, తేమ పోవుటయే కారణమని తలచెను. పిమ్మటివారు అగ్నికణములు రాతిలో చేరుటచేతనే సున్నమునకు ఒరయు గుణము కలుగునని నమ్మిరి.

ఈ భ్రమను తొలగించినవాడు స్కాట్లండు వైద్యుడు జోసెఫ్ బ్లాక్. 1756లో ప్రకటితమైన ఆయన వ్యాసము ప్రకారము 120 గ్రెయినుల సుద్ద కాల్చగా 68 గ్రెయినుల సున్నమయ్యెను. దానిని క్షారలవణపు నీటిలో వేసి, కడిగి, ఆరబెట్టగా 118 గ్రెయినుల సుద్ద తిరిగి వచ్చెను. కావున రాతిలో నిప్పు చేరలేదు, రాతినుండి గాలి పోయినది. ఆ గాలినే మనము బొగ్గుపులుసు వాయువందుము.

సుద్ద, గుల్లలు, సున్నపురాయి ప్రధానముగా కాల్షియం కార్బొనేటు అను ఒకే లవణము. సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో దాని 100 పాళ్లలో 44 పాళ్లు వాయువై పోయి 56 పాళ్ల పొడిసున్నము మిగులును. అది 18 పాళ్ల నీటిని గ్రహించి 74 పాళ్ల తడిసున్నమగును. గోడమీద ఆరునపుడు నీటిని విడిచి, గాలినుండి పోయిన 44 పాళ్లను క్రమముగా తిరిగి పొంది, మరల 100 పాళ్ల కార్బొనేటగును.

అమరావతి ఫలకములను చలువరాళ్లని వ్యవహరించినను అవి నిజమునకు పలనాటి సున్నపురాళ్లు. ఉలికి లొంగి సూక్ష్మరేఖలను నిలుపుకొన్న ఆ రాయియే బట్టీకిని పనికివచ్చెను. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని రాజధానిగా చేసికొని నిర్మాణములు సాగించెను. ఆ కాలమునను, అటుపిమ్మటను, ఫలకములు పెక్కు కట్టడములకు తరలిపోయెను, కొన్ని సున్నమయ్యెను. 1798లో స్తూపమును చూచిన కాలిన్ మెకంజీ 1816లో తిరిగి వచ్చి శిల్పములకు చిత్రములు వ్రాయించెను. వాల్టర్ ఇలియట్ త్రవ్వించినది 1845లో.

కాలిన ఫలకము గోడపై గచ్చుగా మరల కార్బొనేటైనను, అది జాతకకథను చెక్కిన రాయో, ఉలి తగులని రాయో రసాయన పరీక్ష చెప్పజాలదు. పదార్థము తిరిగి వచ్చినది, శిల్పము రాలేదు. కనుకనే, నేడు రాయి కానరాని శిల్పముల విషయమున మెకంజీ చిత్రములను కేవలము అలంకారములుగా గాక ప్రథమ ప్రమాణములుగా గ్రహింపవలెనని మా అభిప్రాయము.