కళాయి నుంచి నాన్‌స్టిక్ దాకా

పాత్రకు పూత పూయడం కృష్ణా డెల్టా వంటింటికి కొత్త కాదు. ఇత్తడి గిన్నెలు వాడిన రోజుల్లో కళాయి వేసేవారు విజయవాడ వీధుల్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ తిరిగేవారు. గిన్నెను కొలిమిపై కాచి, నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా రుద్దేవారు. ఆ పూత అరిగితే చింతపండు పులుసు ఇత్తడిలోని రాగిని కరిగిస్తుంది. వంటకం చిలుమెక్కి వాంతులకు దారితీస్తుంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కనుక వట్టి గిన్నెను మంటపై ఉంచరాదు. పూతకు ఆయుష్షు ఉంటుందని ఆనాటి గృహిణులకు తెలుసు.

నాన్‌స్టిక్ పూత మరో దారిన వచ్చింది. 1938 ఏప్రిల్ 6న అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో, శీతలీకరణ వాయువులపై పరిశోధిస్తున్న రాయ్ ప్లంకెట్‌కు అనుకోకుండా ఒక జారుడు తెల్లని పొడి లభించింది. అదే టెఫ్లాన్. 1950లలో ఫ్రాన్స్‌కు చెందిన మార్క్ గ్రెగ్వార్ దానిని అల్యూమినియం పెనానికి అంటించే పద్ధతి కనుగొన్నాడు.

ఇక్కడ రెండు విషయాలను వేరుగా చూడాలి. మొదటిది, తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ అనే రసాయనం. వెస్ట్ వర్జీనియాలోని పార్కర్స్‌బర్గ్ వద్ద కర్మాగారం నుంచి ఇది తాగునీటిలో కలిసింది. మూత్రపిండ, వృషణ కేన్సర్లు, థైరాయిడ్ జబ్బు సహా ఆరు వ్యాధులతో దీనికి సంబంధం ఉండవచ్చని 2012 నాటికి శాస్త్రజ్ఞులు తేల్చారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధనా విభాగం దీనిని కేన్సర్ కారకంగా ప్రకటించింది. అమెరికాలోని ప్రధాన సంస్థలు 2015 నాటికే దీని వాడకం మానేశాయి.

రెండవది, మన పొయ్యి మీది వేడి. పెచ్చు ఊడి పొరపాటున కడుపులోకి పోయినా, అది జీర్ణం కాకుండా బయటికి పోతుంది. కానీ 260 డిగ్రీలు దాటితే పూత విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. మరీ కాగిన పెనం పొగకు చలిజ్వరం, దగ్గు, ఆయాసం రావచ్చు. ఇంట్లోని పెంపుడు చిలుకలు చనిపోవచ్చు. వట్టి పెనం కొద్ది నిమిషాల్లోనే ఆ వేడిని చేరగలదు.

ప్రత్యామ్నాయాలు మనకు తెలిసినవే. అట్లకు, పెసరట్టుకు ఇనుప పెనం మేలు. నూనె రాసి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్దుతుంటే అట్టు అంటుకోదు. కడిగిన వెంటనే తుడవకపోతే తుప్పు పడుతుంది. పులుసుకు, చారుకు ఇనుము పనికిరాదు. స్టీలు గిన్నె గానీ, రంగుపూత లేని మట్టికుండ గానీ వాడాలి.

నాన్‌స్టిక్ ఇప్పటికే ఉన్నవారు సన్నని మంట, చెక్క గరిట వాడాలి. వట్టి పెనాన్ని కాచరాదు. కళాయి పోయిన గిన్నెకు మళ్లీ కళాయి వేయించేవాళ్లం. పూత లేచిన నాన్‌స్టిక్ పెనానికి ఇంట్లో మరమ్మతు లేదు, దానిని మార్చడమే మార్గం.