ఉక్కును తినెడు వాయువులు

భూగర్భమునుండి వెలువడు ముడిచమురు ఒంటరిగా రాదు. దానితో ఉప్పునీరు వచ్చును, ఇసుక వచ్చును, వాయువులును వచ్చును. వేల అడుగుల లోతున, గొప్ప ఒత్తిడి క్రింద, ఈ వాయువులు చమురులో కరగి కంటికి కానరాక ఉండును. గోలీసోడా సీసాలో గోలీని లోనికి నొక్కగానే బుస్సుమని పొంగు వచ్చుట మనమందరము చూచినదే. చమురుబావియు అట్టి సీసాయే. చమురు పైకి వచ్చుకొలది ఒత్తిడి తగ్గి, కరగియున్న వాయువు విడివడి పొంగును.

ఈ వాయువులలో ఎక్కువభాగము మీథేను మొదలైన మండెడు వాయువులే. వానివలన ఉక్కు గొట్టములకు తుప్పు భయము లేదు. భయమంతయు రెండింటితో. ఒకటి బొగ్గుపులుసు వాయువు, రెండవది కుళ్ళిన కోడిగ్రుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు. తడి తగులనంతవరకు ఈ రెండును గొట్టముల జోలికి పోవు. తడి తగిలినచో మొదటిది నీటిలో కరగి ఆమ్లమై ఇనుమును మెల్లగా కొరుకును. రెండవదాని పని ఇంకను గూఢము. అది తడిలో ఇనుముతో కలియునపుడు పుట్టెడు ఉదజని పరమాణువులు ఉక్కులోనికి చొచ్చుకొనిపోవును. పైకి చెక్కుచెదరని ఉక్కు లోలోపల పెళుసెక్కి, ఒకనాడు పుటుక్కున విరుగును.

ఈ సంగతులు మానవునకు ఒక్కసారిగా తెలిసినవి కావు. 1885లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, లైమా పట్టణమువద్ద చమురు పడినది. దానినుండి తీసిన కిరసనాయిలు దీపములో పోసినచో ఇల్లంతయు దుర్గంధము, చిమ్నీనిండ మసి. గంధకముగల ఇట్టి చమురును 'పుల్లని చమురు' అని పిలుచుట ఆ దేశమున వాడుకయైనది. హెర్మన్ ఫ్రాష్ అను రసాయనవేత్త రాగి ఆక్సైడు సాయమున గంధకమును తొలగించు పద్ధతి కనిపెట్టినతరువాతనే ఆ కిరసనాయిలు ఇండ్లలో చెల్లుబాటైనది. నాటి జనుల చింత దీపమును గూర్చినదే. గొట్టమును గూర్చిన చింత తరువాత వచ్చినది.

ఆ చింతకు పేరుపడిన స్థలము ఫ్రాన్సు దేశపు నైరుతి మూలనున్న లాక్ గ్రామము. అచ్చట 1949లో కొద్ది లోతుననే చమురు దొరకినది. ఇంకను క్రిందికి తొలుచుచుండగా, 1951 డిసెంబరులో, సుమారు మూడున్నర కిలోమీటర్ల లోతునుండి వాయువు మహోద్ధృతితో పైకి ఎగజిమ్మినది. అందులో దాదాపు 15 శాతము హైడ్రోజన్ సల్ఫైడు, 10 శాతము బొగ్గుపులుసు వాయువు. బావిలోని ఉక్కు గొట్టములు ఆ వాయువు తాకిడికి పెళుసెక్కి గాజుకడ్డీలవలె విరిగినవి. బావిని మూయుటకు వారములకొలది పోరాడవలసివచ్చెను. ఇంత నిధి చేతికందియు, దానిని పైకి తెచ్చుటకు తగిన లోహము లేకపోయెను. లోహశాస్త్రజ్ఞులు ఎన్నో పరీక్షలుచేసి, ఈ వాయువునకు తాళగల ఉక్కును సిద్ధపరచిన పిమ్మట, 1957లో ఉత్పత్తి ఆరంభమైనది.

ఈ పరిశోధనలలో తేలిన విచిత్రమైన సత్యమొకటి కలదు. మిక్కిలి గట్టిదైన ఉక్కే ముందుగా విరుగును. కొంచెము మెత్తనిది తట్టుకొని నిలుచును. 1975లో అమెరికాలోని తుప్పునివారణ నిపుణుల సంఘమువారు దీనిని నియమముగా ప్రకటించిరి. పుల్లని వాయువు సోకెడుచోట వాడు సామాన్యపు ఉక్కు కాఠిన్యము రాక్‌వెల్ 'సి' కొలతలో 22 మించరాదని అందలి ముఖ్యసూత్రము. ఆ ఏటనే డి వార్డ్, మిలియమ్స్ అను ఇరువురు బొగ్గుపులుసు వాయువువలన ఉక్కు ఎంత వేగముగా అరుగునో లెక్కించు సూత్రమును ప్రకటించిరి.

శాస్త్రము తెలిసినది. ఆచరణ మాత్రము అన్నిచోట్ల దానివెంట నడువలేదు. కజకిస్తానమున, కాస్పియన్ సముద్రములోని కషగాన్ చమురుక్షేత్రము 2013 సెప్టెంబరులో పని ప్రారంభించి, కొద్ది వారములకే ఆగిపోయినది. గొట్టములలో పగుళ్ళు కనబడినవి. విచారింపగా, అతుకువేసినచోట్ల ఉక్కు ఉండదగినదానికంటె గట్టిపడినదని, హైడ్రోజన్ సల్ఫైడు అచ్చటనే పగులగొట్టినదని తేలినది. లాక్ నేర్పిన పాఠమే ఇది. గొట్టములను మార్చి మరల చమురు తీయుసరికి 2016 వచ్చినది.

గొట్టములను కాపాడు మార్గములు నేడు స్పష్టముగా ఉన్నవి. చమురు, వాయువు, నీరు అను మూడింటిని బావివద్దనే వేరుచేయవలెను. వాయువును గ్లైకాలు ద్రవముతో ఆరబెట్టవలెను. హానికరమైన వాయువులను అమీనులను ద్రావకములతో కడిగివేయవలెను. గొట్టము లోపలి గోడకు పొరవలె అంటి రక్షించు మందులను పంపవలెను. పనివారు 'పిగ్' అని పిలుచు పరికరమును లోపల నడిపి, అడుగున నిలిచిన నీటిని నెట్టివేయవలెను, గోడల మందమును కొలువవలెను.

వీనిని అశ్రద్ధచేసినచో కలుగు ఫలితమును మన గోదావరిసీమయే చూచినది. 2014 జూన్ 27న, నాటి తూర్పుగోదావరి జిల్లాలోని నగరము గ్రామమున, భూమిలోని సహజవాయువు గొట్టము తుప్పుతో చిల్లిపడినది. వెలువడిన వాయువు వేకువగాలిలో వ్యాపించి భగ్గుమన్నది. ఇండ్లు, కొబ్బరిచెట్లు కాలిపోయినవి. ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆరిన వాయువు కొరకు వేసిన గొట్టములో తడివాయువు ప్రవహించినదని, ఆ తడియే లోపలినుండి ఉక్కును తినివేసినదని విచారణలో వెల్లడియైనది. ముడిచమురును పంపు గొట్టములకును ఈ ప్రమాదము తప్పదు. ప్రవాహము మందగించినచోట నీరు అడుగున చేరును, వాయువు అందులో కరగును, తుప్పు ఆరంభమగును.

లాక్‌లో లోహము విరిగినపుడు దానికి కారణము ఇంకను వెదకవలసియుండెను. నగరములో గొట్టము చిల్లిపడునాటికి ఆ కారణమును, దాని నివారణమును పుస్తకములకెక్కి దశాబ్దములైనది. అందుచేత నగరములో పోయిన ప్రాణములకు శాస్త్రపు కొరతను కారణముగా చెప్పుకొను వీలు మనకు లేదు. మన పొలములక్రింద, ఇండ్లప్రక్కన సాగిపోవు గొట్టములలో తడి ఎంత, గోడ మందమెంత అని వేళకు కొలిచి, కొలిచినదానిపై వెంటనే చర్య తీసికొనుట వానిని నడుపువారి విధి. కొలిచినారా అని అడుగుట ఆ ఊళ్ళలో నివసించువారి హక్కు.